జిల్లుమనడం ఆగింది కదా అనుకోకండి

ప్రశ్న: మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. మా మామగారి కాలంలో కట్టిన మిద్దె. తడికాళ్లతో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జిల్లుమనేది. ఇంట్లో కరెంటు పనులన్నీ మా మరిదే చేస్తాడు, ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ప్లగ్గు బోర్డు విప్పి లోపల చిన్న వైరు ముక్క కలిపాడు. ఆ రోజు నుంచి జిల్లుమనడం లేదు. మొన్న మా అన్నయ్య వచ్చి చూసి, ‘న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేశాడు, ఇది చాలా తప్పు’ అన్నాడు. మరిదేమో ‘ఆరు నెలలైంది, ఏమన్నా అయిందా వదినా?’ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ అన్నయ్య మాట వినండమ్మా. ముందు మెయిన్ ఆపి, కాళ్లకు చెప్పులేసుకుని, పొడి చేతులతో ఆ ఫ్రిజ్ ప్లగ్గు పీకేయండి. నాలుగు రోజులు పాలు, పెరుగు పక్కింట్లో పెట్టుకోవచ్చు. తర్వాత మిగతాది చదవండి.

ఇంతకుముందు జిల్లుమన్నదంటే ఫ్రిజ్ లోపల ఎక్కడో కాస్త కరెంటు బయటి రేకుకు వస్తోంది, దాన్ని భూమిలోకి తీసుకుపోవాల్సిన ఎర్త్ వైరు మీ ఇంట్లో లేదు, లేదా ఉన్నా తెగిపోయింది. మీ మరిది కలిపిన ముక్క ఆ కరెంటును న్యూట్రల్‌లోకి, అంటే కరెంటు తిరిగి వెనక్కి పోయే వైరులోకి మళ్లించింది. అందుకే జిల్లుమనడం ఆగింది. కానీ ఇప్పుడు మీ ఫ్రిజ్ రేకు న్యూట్రల్ వైరుకు అతుక్కుని ఉంది. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందనుకోండి, స్తంభం మీద గానీ, మీటరు దగ్గర గానీ, పాత మెయిన్ స్విచ్‌లో న్యూట్రల్‌కు కూడా పెట్టిన ఫ్యూజులో గానీ. అప్పుడు ఇంట్లో స్విచ్ వేసి ఉన్న ఏ బల్బు గుండానో, ఏ ఫ్యాను గుండానో వచ్చిన కరెంటు వెనక్కి పోయే దారి లేక ఆ రేకు మీద నిలబడుతుంది. 230 వోల్టులు. ఇల్లంతా చీకటిగా ఉంటుంది, ఏదీ పనిచేయదు, కరెంటు పోయిందనే అనుకుంటాం. ఫ్రిజ్ స్విచ్ ఆపి ఉన్నా సరే, ప్లగ్గు గోడకు ఉంటే చాలు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను మన వైపు పెద్దవాళ్లకు గుర్తుంటుంది. అప్పటికి నేను పని నేర్చుకుని ఏడాది. కోవూరులో మా మేనత్త గ్రైండరు జిల్లుమంటోందంటే సరిగ్గా మీ మరిది చేసిన పనే చేశాను. తుపాను తర్వాత కొన్నాళ్లకు కరెంటు వచ్చింది గానీ గాలికి వదులైన న్యూట్రల్ జాయింటు ఒక సాయంత్రం ఊడింది. లైట్లు ఆరిపోయాయి. కరెంటు లేదు కదా, ఈలోపు గ్రైండరు కడిగేద్దామని మా అత్త పీట మీంచి లేచి, తడి గచ్చు మీద కాలు పెట్టి దాన్ని పట్టుకుంది. విసిరికొట్టింది. మోచేతి ఎముక విరిగింది. బతికింది, అదే పదివేలు. ‘నీకు తెలియక చేశావులేరా’ అంది. ముప్పై ఏళ్లకు పైగా నెల్లూరులో ఎన్ని ఇళ్లకు వైరింగు చేసినా, ప్రతి ఇంట్లో మొదట ప్లగ్గు బోర్డు విప్పి ఆ ముక్క ఉందేమోనని చూడటం నాకు అలవాటైపోయింది.

మీ మరిదికి ఇదే చెప్పండి. ఆ అబ్బాయి మీ మీద ప్రేమతోనే చేశాడు, తిట్టొద్దు. బోర్డుకు ఎదురుగా నిలబడితే ఎడమ రంధ్రం న్యూట్రల్, పైన పెద్ద రంధ్రం ఎర్త్. ఆ రెంటినీ కలిపిన ముక్కను లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత తీయించండి. తీస్తే మళ్లీ జిల్లుమంటుంది కాబట్టి అంతటితో ఆగకూడదు. ఇంటి బయట ఎర్త్ గుంత తీయించాలి, పైపు కనీసం రెండున్నర మీటర్ల లోతుకు దిగాలి. మీది ఇసుక నేల. ఎండాకాలం ఎండితే కరెంటును సరిగా తీసుకోదు, అందుకని గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. ఉప్పుగాలికి క్లాంపు తుప్పు పడుతుంది, ఏడాదికోసారి చూపించండి. అక్కడి నుంచి పచ్చ వైరు ప్రతి ప్లగ్గు బోర్డుకూ రావాలి. ఫ్రిజ్‌ను కూడా మెకానిక్‌కు చూపించండి.

మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్ పెట్టించండి. ‘ఎంసీబీ ఉంది కదా’ అంటారు చాలామంది. వైరు మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పోతే ఆగిపోయే స్విచ్ ఎంసీబీ. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునే కరెంటు సుమారు 40 మిల్లీఆంపియర్లు. అంతే కరెంటు ఛాతీ గుండా పోతే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది 400వ వంతు, దానికి తెలియనే తెలియదు. ఆర్‌సీసీబీ అయితే వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిపోల్చి చూసుకుంటుంది, తేడా వస్తే రెప్పపాటులో ఆపేస్తుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని పీకించేసిన ఇళ్లు నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకు ట్రిప్ అవుతోందో వెతికించండి.

ప్రశ్న: కొత్తపట్నంలో ఉంటాం. రాత్రి ఏసీ, గీజరు కలిపి వేస్తే ఫ్యూజు పోయేది. పక్కింటాయన రాగి పోగులు నాలుగు మెలిపెట్టి కట్టాడు. ఇప్పుడు పోవడం లేదు. కానీ బోర్డు దగ్గర చేపల కంపు వస్తోంది. సముద్రం పక్కనే కదా అని పట్టించుకోలేదు.

జవాబు: అయ్యా, అది సముద్రం వాసన కాదు. స్విచ్చులు, హోల్డర్ల ప్లాస్టిక్ వేడెక్కి కాలేటప్పుడు అచ్చం చేపల వాసనే వస్తుంది. మెయిన్ ఆపండి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఏసీ, గీజరు వేయొద్దు.

ఫ్యూజు తీగ సన్నగా ఉండేదే ముందు తను తెగడానికి. మీరు దాన్ని లావు చేశారు కాబట్టి ఇప్పుడు గోడలో వైరు కాలుతోంది. 2000 వాట్ల గీజరు 9 ఆంపియర్ల దాకా, ఒకటిన్నర టన్నుల ఏసీ మరో 7, 8 ఆంపియర్లు తీసుకుంటాయి. పాత ఇళ్లలో లైట్లకని వేసిన సన్న వైరు ఇదంతా మోయలేదు. ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దాని ఎంసీబీ దానికే ఉండాలి. గీజరుకూ విడి లైను, 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించండి. మీ ఊళ్లో ఉప్పుగాలికి బోర్డుల్లో రాగి చివర్లు చిలుము పట్టి పచ్చబడతాయి. చిలుము పట్టిన చోట జాయింటు వదులై వేడి పుడుతుంది. కాబట్టి పాత బోర్డులన్నీ విప్పి చూడమనండి.

ప్రశ్న: అంకుల్, నేను ఇంటర్ చదువుతున్నాను, మాది బుచ్చిరెడ్డిపాళెం. మెయిన్ ఆపే బల్బు హోల్డరు మార్చాను. అయినా షాక్ కొట్టింది. ఎందుకు?

జవాబు: మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉండి ఉంటుంది బాబూ. మెయిన్ ఆపగానే అది కరెంటు పోయిందనుకుని బ్యాటరీ నుంచి ఇవ్వడం మొదలుపెడుతుంది. అదీ 230 వోల్టులే. మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ కూడా ఆపాలి, దాని అవుట్‌పుట్ ప్లగ్గు పీకాలి. ఇవన్నీ ఆపేముందే టెస్టరును కరెంటున్న ప్లగ్గులో పెట్టి అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి, అన్నీ ఆపాక నీ హోల్డరు దగ్గర పెట్టి చూడాలి. ఇంట్లో ఒక్కడివే ఉన్నప్పుడు మాత్రం నిచ్చెన ఎక్కకు.