స్టీలు బిందెకు తుప్పు చుక్కలు ఎందుకు వస్తాయి? అందులోని క్రోమియం ప్రమాదమా?

కొత్త స్టీలు బిందెకు నాలుగు నెలలకే అడుగున గోధుమరంగు చుక్కలు వచ్చాయనీ, కొట్టు యజమాని ‘క్రోమియం తక్కువై ఉంటుంది’ అన్నాడనీ రాశారు. ఆ క్రోమియం అంటే ఏమిటి, ఎలా తయారవుతుంది, ఒంట్లోకి వెళ్తే ప్రమాదమా అని అడిగారు. నేను బొబ్బిలి దగ్గర ఒక ఫెర్రో అల్లాయ్స్ (ఇనుముతో వేరే లోహాలు కలిసిన మిశ్రమాలు) కర్మాగారంలో పదిహేడేళ్లు ఫర్నేసు మీద పని చేశాను. మా అత్తవారి ఊరు కళింగపట్నం పక్కన, సముద్రం గాలి తగిలే చోటు. కాబట్టి క్రోమియం ఇక్కడ పుట్టడమూ చూశాను, అక్కడ ఓడిపోవడమూ చూశాను.

ముందు మీ బిందె సంగతి. స్టీలులో మొదట తుప్పు పట్టేది క్రోమియమే అంటే చాలామంది నమ్మరు. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే, గాలి తగలగానే పైనున్న క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి ఒక పొర కడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే, కంటికి ఆనదు. ఇనుము తుప్పులా పెచ్చులుగా ఊడిపోకుండా అంటిపెట్టుకుని ఉంటుంది. గీత పడినా గాలి ఆడితే తనంతట తానే పూడుకుంటుంది. లోపలి ఇనుమును కాపాడేది ఆ పొరే.

దానికి గిట్టనిది ఉప్పు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను సూదితో పొడిచినట్టు అక్కడక్కడ తూట్లు పొడుస్తుంది. తుప్పు పరుచుకోకుండా చుక్కలుగా కనిపించడం అందుకే. మా ఆవిడ ఒకే కొట్టులో, ఒకే రోజు, ఒకే రకం బిందెలు రెండు కొంది. బొబ్బిలిలో మా ఇంట్లో ఉన్నది పదకొండేళ్లుగా మెరుస్తూనే ఉంది. పుట్టింటికి ఇచ్చినది రెండో ఏటికే అడుగంచు చుట్టూ మచ్చలు పడింది. అక్కడి బోరు నీరు ఉప్పన, బిందె ఎప్పుడూ తడి సిమెంటు గట్టు మీదే. అంచు కింద చిక్కుకున్న నీరు ఆరుతున్నకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది, గాలి ఆడదు కనుక పొర మళ్లీ కట్టుకోలేదు. మీరూ బోరు నీళ్లే పడుతున్నారేమో చూసుకోండి.

అలాగని మీ కొట్టు యజమాని మాట పూర్తిగా తప్పు కాదు. మంచి వంటపాత్రల స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదు ఎక్కువ కాబట్టి చవక రకాల్లో దాన్ని బాగా తగ్గించి మాంగనీసు పోస్తారు, క్రోమియం కూడా కొంత తగ్గుతుంది. వాటికి ఉప్పును తట్టుకునే శక్తి తక్కువ. ఇక అయస్కాంతం అంటుకుంటే నాసిరకం, అంటుకోకపోతే అసలైనది అనే పరీక్షను నమ్మకండి. మాంగనీసు పోసిన చవక రకం అయస్కాంతానికి అంటుకోదు. నికెల్ లేకుండా 16, 17 శాతం క్రోమియం ఉన్న ఒక రకం అంటుకుంటుంది, తుప్పుకు మాత్రం ఆ చవక రకం కంటే ఏమీ తీసిపోదు.

ఇనుప పీచుతో తోమడం మానేయండి. దాని తునకలు స్టీలులో ఇరుక్కుని అవే తుప్పు పడతాయి, నింద బిందె మీద పడుతుంది. బ్లీచింగ్ పౌడరు నీళ్లు రాత్రంతా నిల్వ ఉంచకండి. ఇప్పుడున్న మచ్చలను నిమ్మచెక్కతో రుద్ది, బాగా కడిగి, బోర్లించి ఆరబెట్టండి. లోతుగా గుంటలు పడకపోతే చాలావరకు పోతాయి.

తయారీకి వస్తాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల మాంగనీసు గనులున్నాయి కానీ క్రోమియం ఖనిజమైన క్రోమైట్ మన జిల్లాల్లో తవ్వేది కాదు. దేశంలోని క్రోమైట్ నిల్వల్లో 90 శాతానికి పైగా ఒడిశాలో, జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో ఉన్నాయి. లారీలు ఇచ్ఛాపురం దాటి హైవే మీద వచ్చేవి. ఖనిజం నల్లటి పొడిలా ఉంటుంది. పొడిని నేరుగా ఫర్నేసులో పోస్తే వాయువులు పైకి రావడానికి దారి ఉండదు. అందుకని సున్నం, చక్కెర మిల్లు మొలాసిస్ కలిపి ముద్దలుగా అచ్చు పోసేవారు. ఆ షెడ్డు దగ్గరికి వెళ్తే ఇనుము వాసన వస్తుందనుకుంటారు, మాడిన బెల్లప్పాకం వాసన వచ్చేది.

ఆ ముద్దలు, కోకు, కొంత క్వార్ట్జ్ రాయి కలిపి ఫర్నేసులో పోస్తాం. మూడు పెద్ద ఎలక్ట్రోడ్లు ఆ సరుకులో కూరుకుని ఉంటాయి. కరెంటు వేడికి కోకులోని కార్బన్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుని వాయువుగా పోతుంది, ఇనుమూ క్రోమియమూ కలిసి కరిగి అడుగుకు దిగుతాయి. అదే ఫెర్రోక్రోం. అందులో సుమారు 60 శాతం క్రోమియం, 6 నుంచి 8 శాతం కార్బన్. టన్నుకు 3,500 నుంచి 4,000 యూనిట్ల కరెంటు కావాలి. ఈ పరిశ్రమ కరెంటు బిల్లు మీదే బతుకుతుంది. చార్జీలు పెరిగిన ఏడు మేము నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాం.

మాకు ఎక్కువగా సిలికో మాంగనీసు (స్టీలు తయారీలో వాడే మరో మిశ్రమం) ఆర్డర్లే వచ్చేవి, మధ్యమధ్య క్రోం. క్రోం అంటే అందరికీ విసుగు. దాని స్లాగ్ (లోహం మీద తేలే కరిగిన మడ్డి) కరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి, కాస్త చల్లబడితే బయటికి వచ్చే రంధ్రంలోనే (ట్యాప్‌హోల్) గడ్డకడుతుంది. ఆక్సిజన్ పైపుతో ట్యాప్‌హోల్ తెరవడానికి మాంగనీసుకు పట్టే సమయానికి రెట్టింపు పట్టిన రాత్రులున్నాయి. తెరుచుకున్నాక మాత్రం ఆ వెలుగు కళ్లద్దాల్లోంచి కూడా తెల్లగా కొట్టేది. నా ఎడమ పాదం మీద పావలా అంత మచ్చ అప్పటిదే. లోహం చల్లారాక సుత్తితో కొడితే గాజులా పగులుతుంది, పగిలిన ముఖం వెండిలా మెరుస్తుంది. దాన్ని స్టీలు ప్లాంట్లు కొని, ఆక్సిజన్, ఆర్గాన్ ఊది కార్బన్ తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలు చేస్తాయి. స్వచ్ఛమైన క్రోమియం కావాలంటే దారి వేరు: క్రోమియం ఆక్సైడును అల్యూమినియం పొడితో మండిస్తారు. అది 1,907 డిగ్రీల దగ్గర గానీ కరగదు, గాజును గీయగలిగేంత గట్టిది. కుళాయిల మీద మెరుపు పూత అదే, హీటరు తీగల్లో నికెల్‌తో కలిసి ఉండేదీ అదే. మన ఉత్తరాంధ్ర కొండల్లో దొరికే అలెగ్జాండ్రైట్ రాయి పగలు పచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనిపించడమూ దాని మహిమే.

ప్రమాదం మాటకొస్తే, క్రోమియం రెండు వేషాలు వేస్తుంది. స్టీలు మీద పొరలో, పచ్చరంగు ఆక్సైడులో, తోళ్లు పదును చేసే ఉప్పులో ఉండేది మూడు సంయోజకత (ఇతర మూలకాలతో కలిసే సామర్థ్యం) గలది, దానితో హాని తక్కువ. మీ బిందె నీళ్లలోకి దిగేది చాలా స్వల్పం, దిగేదీ ఆ రకమే. భయపడాల్సింది ఆరు సంయోజకత గలదానికి. ప్లేటింగ్ తొట్టెల్లోని క్రోమిక్ ఆమ్లం, పసుపుపచ్చ క్రోమేట్లు ఆ జాతివి. ఆ పొగ, ధూళి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. స్టీలు రెయిలింగులు వెల్డింగ్ చేసే కుర్రాళ్లు ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా పని చేయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పొగలో ఇది ఉంటుంది.

1797లో వోక్లాన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఈ మూలకాన్ని కనిపెట్టింది సైబీరియా నుంచి వచ్చిన ఎర్ర ఖనిజంలో. అది సీసపు క్రోమేటు. దాన్నే ఇప్పుడు కొందరు దుర్మార్గులు రంగు కోసం పసుపులో కలుపుతున్నారు. కాబట్టి బిందె కంటే పసుపు డబ్బా మీద కన్నేసి ఉంచండి.

సిమెంటులోనూ ఆరు సంయోజకత గల క్రోమియం కొద్దిగా ఉంటుంది. మా బావమరిది తాపీ మేస్త్రి. ఏళ్ల తరబడి తడి సిమెంటు కలిపి అరచేతులు పగిలి దురద పెడుతుంటే ఉప్పు నీళ్ల వల్ల అనుకున్నాడు. శ్రీకాకుళంలో చర్మవైద్యుడు చూసి సిమెంటులోని క్రోమేటు పడటం లేదన్నారు. ఇప్పుడు రబ్బరు తొడుగులు వేసుకుంటున్నాడు, ఎండాకాలం మాత్రం మధ్యాహ్నం కాగానే తీసి పక్కన పెట్టేస్తాడు.