వెనిస్ పక్కనే ఇంకో కాలువల ఊరు

ప్రశ్న: మా కావలి వైపు బకింగ్‌హామ్ కాలువ ఉంది కదా, ఇటలీలో వెనిస్ కాకుండా కాలువలున్న చిన్న ఊరేదైనా ఉందా సార్?

జవాబు: ఉందండీ, కియోజ్జా. వెనిస్‌కి దక్షిణాన సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, మన పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు చివర, దీవుల మీద కట్టుకున్న ఊరు. వెనిస్ అంత ఆర్భాటం ఉండదు, చేపల పడవలే ఎక్కువ, నన్నడిగితే అదే బాగుంటుంది. కానీ చరిత్ర మాత్రం చిన్నది కాదు. 1379లో వెనిస్‌కి పోటీగా ఉన్న ఇటలీ నగర రాజ్యం జెనోవా సైన్యం ఈ ఊరిని పట్టుకుని వెనిస్‌ని వణికించింది, అప్పుడు వెనిస్ వాళ్లు రాళ్లు నింపిన పడవల్ని దారుల్లో ముంచేసి బయటికి పోయే దారే లేకుండా చేశారు, లోపలున్నవాళ్లు తిండికి అల్లాడి 1380 జూన్‌లో లొంగిపోయారు. అన్నట్టు, కోస్తే లోపల ఎరుపు తెలుపు వలయాలు కనిపించే బీట్‌రూట్ రకానికి కూడా ఈ ఊరి పేరే.