ఫ్లాష్ ఎండలో వెయ్యండి, రాత్రి ఆపెయ్యండి

మీ ప్రశ్న చూశాను. బీరువాలో పాత డిజిటల్ కెమెరా దొరికింది, అమ్మమ్మ గారింట్లో అందరూ కలుస్తున్నారు, గ్రూప్ ఫొటో తీసేవాళ్లు మీరే కానీ ఫొటోలో కూడా ఉండాలి, అందుకని సెల్ఫ్ టైమర్, ఫ్లాష్, ఫేస్ డిటెక్షన్ (కెమెరా తనే మొహాలు వెతికి పట్టుకోవడం) మూడూ ఆన్ చేసి పెట్టేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. ఆ మూడూ కలిస్తే ఒకదాని పని ఇంకోటి పాడు చేస్తుంది. టైమర్ ఒక్కటి ఉంచుకోండి, మిగతా రెండూ ఆపెయ్యండి. పైన ఇద్దరు ముగ్గురు ఏ గుర్తు నొక్కాలి, మెనూలో ఎక్కడుంటుంది అని ఓపిగ్గా రాశారు కాబట్టి ఆ జోలికి నేను పోను. ఎందుకు ఆపాలో మాత్రం చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో మా ఇంట్లో జరిగిన తంతు చూశాక నాకు ఆటో మోడ్ అంటేనే ఒళ్లు మండుతుంది.

మా బాబాయి షష్టిపూర్తి తణుకు దగ్గర మా ఊళ్లో ఇంట్లోనే చేశాం. టౌన్ నుంచి రావాల్సిన ఫొటోగ్రాఫర్ అదే ముహూర్తానికి ఇంకో పెళ్లి కూడా ఒప్పుకుని, మాకు ఎవరో కుర్రాణ్ని పంపించాడు. ఆ అబ్బాయి హోమం దగ్గర నాలుగు ఫొటోలు తీసి (అవి కూడా పొగ మీద ఫ్లాష్ పడి తెల్లటి మంచులా వచ్చాయి, దంపతులెవరో పురోహితుడెవరో తెలీదు), భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోయాడు. రాత్రికి చుట్టాలందరూ హాల్లో చేరాక గ్రూప్ ఫొటో అన్నారు. అప్పుడు మా బావ బ్యాగులోంచి తన డిజిటల్ కెమెరా తీశాడు. పెన్సిల్ సెల్స్ రెండు వేసుకునే రకం, అప్పట్లో అందరిళ్లల్లో ఉండేది కదా, అలాంటిది. కంపెనీ పేరు చెప్పను, అనవసరం.

స్టూలు మీద బియ్యం డబ్బా బోర్లించి, దాని మీద కెమెరా పెట్టాడు. పిల్లలు చాప మీద, పెద్దవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో, మిగతావాళ్లు వెనకాల నిలబడ్డారు. వెనక గోడకి గంధపు దండ వేసిన మా తాతయ్య ఫొటో, దాని పక్కన ఎన్టీఆర్ కృష్ణుడి వేషంలో ఉన్న క్యాలెండరు, ఇంకో పక్క పెద్ద వెంకటేశ్వరస్వామి పటం. బావ అన్నీ ఆన్ చేశాడు. స్క్రీన్ మీద తెల్ల గడి ఒకటి వచ్చి నేరుగా తాతయ్య మొహం మీద కూచుంది. ఇంకో గడి కృష్ణుడి మీద. కింద బతికున్నవాళ్లు అంతమంది ఉంటే ముందు వరసలో ఇద్దరికో ముగ్గురికో గడులొచ్చాయి, మిగతావాళ్లు దాని లెక్కలో లేరు. మా అత్తయ్య స్క్రీన్‌లోకి తొంగి చూసి, "అదేంట్రా, తాతయ్య కనపడ్డాడు, కృష్ణుడు కనపడ్డాడు, స్వామివారు కనపళ్లేదా నీ కెమెరాకి?" అంది. అందరూ నవ్వారు గానీ ఆవిడ అడిగింది మంచి ప్రశ్న.

కెమెరాకి మనుషులు తెలీదండి. 2001లో వయోలా, జోన్స్ అనే ఇద్దరు ఒక పద్ధతి చూపించారు, కళ్లున్న చోటు బుగ్గల కంటే చీకటిగా ఉంటుంది, రెండు కళ్ల మధ్య ముక్కు దూలం కాస్త వెలుగ్గా ఉంటుంది, ఇలాంటి వెలుగు నీడల అమరిక ఎక్కడ కనిపిస్తే అక్కడ మొహం ఉన్నట్టు. ఆ తర్వాత కొన్నేళ్లకే, 2005లో నికాన్ వాళ్లు కూల్‌పిక్స్‌లో మొహం చూసి ఫోకస్ చేసే సదుపాయం తెచ్చారు, ఇంకో రెండు మూడేళ్లకి చిన్న కెమెరాలన్నింటి డబ్బా మీదా అదే పెద్ద అక్షరాల్లో ఉండేది. ఇప్పుడు ఆలోచించండి. తాతయ్య ఫొటో స్టూడియోలో తీసింది, ఎదురుగా సూటిగా చూస్తాడు, వెలుగు నీడలు కుదిరాయి. కృష్ణుడూ అంతే. స్వామివారి నామం కళ్లు కప్పేస్తుంది కాబట్టి కెమెరా లెక్కలో అక్కడ మొహమే లేదు. మా మావయ్య కళ్లజోడు మీద ట్యూబ్‌లైటు మెరుస్తోంది, ఆయనా లేడు. పిన్ని పక్కకి తిరిగి ఎవర్నో పిలుస్తోంది, ఆవిడా లేదు. వెనక వరస నీడలో ఉన్నవాళ్లందరూ పోయినట్టే. ఫేస్ డిటెక్షన్ అనేది ఒకళ్లిద్దరు ఎదురుగా నిలబడి తిన్నగా చూసేటప్పుడు పనికొస్తుంది, ఇల్లంతా చుట్టాలున్నప్పుడు, గోడ నిండా పటాలున్నప్పుడు కాదు. మన తెలుగు ఇళ్లల్లో పటాలు లేని గోడ ఏదో చెప్పండి.

ఇంతటితో అయిపోలేదు. ఆ కెమెరాలో ఫేస్ సెల్ఫ్ టైమర్ అని ఒకటుంది. కానన్ పవర్‌షాట్ వాడినవాళ్లకి తెలిసే ఉంటుంది. మామూలు టైమర్ పది సెకన్లు లెక్కపెట్టి కొడుతుంది. ఇది అలా కాదు, బటన్ నొక్కాక కొత్త మొహం ఒకటి ఫ్రేములోకి వచ్చేదాకా ఆగి, వచ్చిన రెండు సెకన్లకి కొడుతుంది. అంటే ఫొటో తీసేవాడు పరిగెత్తుకెళ్లి నిలబడే టైము ఇస్తున్నట్టు. వినడానికి ఎంత బాగుందో కదా! బావ నొక్కి పరిగెత్తాడు. మా నాయనమ్మ కొంగు వెనకాల దాక్కున్న బుడ్డోడొకడు అప్పుడే తల బయటపెట్టాడు. కెమెరాకి వాడే కొత్త మొహం. టక్కున కొట్టేసింది. ఫొటో నిండా మా బావ వీపు, కొత్త చొక్కా మీద చెమట మరక, దాని పక్కన బుడ్డోడి పళ్లు.

మళ్లీ నొక్కాడు. ఈసారి ఎర్ర కళ్లు రాకుండా ఉండే ఫ్లాష్ దెబ్బకొట్టింది. దాని పని ఏంటంటే, ఫ్లాష్ లెన్స్‌కి మరీ దగ్గరగా ఉండటం వల్ల ఆ వెలుగు కంటి వెనక రక్తంతో ఉన్న పొర మీద పడి తిన్నగా లెన్స్‌లోకే తిరిగొస్తుంది, అందుకే కళ్లు ఎర్రగా పడతాయి, కాబట్టి ముందు ఒక దీపం వెలిగించి కంటిపాప చిన్నదయ్యాక అసలు ఫ్లాష్ కొడుతుంది. ఇది కెమెరాకి తెలుసు, మా పెదనాన్నకి తెలీదు. మొదటి వెలుగు రాగానే ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. అసలు ఫొటోలో ముందు వరస మధ్యలో పంచె, దాని మీద ఒక చెయ్యి. "కూచో మావయ్యా, ఫొటో ఇంకా పళ్లేదు" అన్నాడు బావ. "మెరిసింది కదరా!" "అది కళ్ల కోసం మావయ్యా." "నా కళ్లకేమైందిరా, మొన్నేగా ఆపరేషన్ చేయించారు" అని ఆయన. ఎవరేం చెప్తారు.

ఇంక ఫ్లాష్ చేసిన మిగతా నిర్వాకం. పట్టుచీరల జరీ అంతా తెల్ల గీతలు. వెనక పటాల అద్దం మీద పడి తాతయ్య మొహం ఉన్న చోట ఒక పెద్ద తెల్లటి మచ్చ. ముందు కూచున్న పిల్లలు సున్నం పూసుకున్నట్టు, వెనక నిలబడ్డవాళ్లు చీకట్లో. ఇది కెమెరా లోపం కాదు, వెలుగు స్వభావం. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. పిల్లలు మీటరున్నర దూరంలో, వెనకవాళ్లు మూడు మీటర్ల దూరంలో ఉంటే పిల్లల మీద పడిన దాంట్లో పావు వంతే వాళ్లకి చేరుతుంది. ఆ చిన్న ఫ్లాష్ ఎంత తన్నుకున్నా మూడు నాలుగు మీటర్లు, జూమ్ చేస్తే ఇంకా తక్కువ. విశాఖ బీచ్ రోడ్డులో రాత్రిపూట నిలబడి సముద్రానికి ఫ్లాష్ కొట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది, అది వాళ్ల ముందు నిలబడ్డ ఆయన బట్టతల దాటి పోదు.

అప్పుడు నేను కెమెరా లాక్కున్నాను. ఫ్లాష్ ఆఫ్. ఫేస్ డిటెక్షన్ ఆఫ్, ఫోకస్ గడి మధ్యలో ఉండేలా పెట్టాను. టైమర్ మామూలు పది సెకన్లది. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుని ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే అంకె, 400. ట్యూబ్‌లైటు వెలుగులో షట్టర్ నెమ్మదిగానే పడుతుంది, అయినా కెమెరా డబ్బా మీద కదలకుండా ఉంది కాబట్టి మనుషులు కదలకపోతే చాలు. "చిన్న దీపం గబగబా కొట్టుకోవడం మొదలెడితే ఊపిరి బిగపట్టండి" అని చెప్పాను, చాలా కెమెరాల్లో ఆఖరి రెండు సెకన్లకి ఆ దీపం వేగం పెరుగుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, బటన్ నొక్కేటప్పుడు లెన్స్‌కి అడ్డంగా నిలబడకండి. చాలా చిన్న కెమెరాల్లో ఫోకస్ నొక్కిన క్షణానే ఖాయమైపోతుంది, పది సెకన్ల తర్వాత కాదు. ఎదురుగా నిలబడి నొక్కితే మీ పొట్ట దూరానికి ఫోకస్ అవుతుంది, వెనక అందరూ మసక. పక్కనుంచి చెయ్యి చాపి, సగం నొక్కి, ఎవరో ఒకళ్ల మీద ఫోకస్ కుదిరాక పూర్తిగా నొక్కండి. మీ దగ్గరున్నది డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) అయితే కంటితో చూసే కిటికీని దేనితోనైనా మూసెయ్యండి, మీ తల అక్కడ ఉండదు కదా, వెనకనుంచి దూరే వెలుగు, ఫొటోకి ఎంత వెలుగు కావాలో కెమెరా వేసే లెక్కని తప్పుదారి పట్టిస్తుంది. కానన్ వాళ్లు స్ట్రాప్‌కి తగిలించి ఇచ్చే చిన్న రబ్బరు ముక్క దానికే, జనం అదేంటో తెలీక పారేస్తారు.

ఆ ఫొటో కాస్త పసుపుగా వచ్చింది గానీ అందరూ ఉన్నారు, తాతయ్యతో సహా.

కానీ మా ఇంట్లో ఇప్పటికీ ఫ్రేము కట్టించుకున్నది ఆ ఫొటో కాదు, మర్నాడు పొద్దున అరుగు మీద తీసింది. సూర్యుడు ఇంటి వెనకనుంచి వస్తున్నాడు, మొహాలన్నీ నీడలో. ఆటోలో పెడితే కెమెరా "బయట బోలెడు వెలుగుంది కదా" అనుకుని ఫ్లాష్ వెయ్యలేదు. అప్పుడు నేను బలవంతంగా ఆన్ చేశాను, మెరుపు గుర్తు ఒక్కటే ఉండేలా, ఆటో అన్న మాట లేకుండా. మనుషుల్ని రెండు వరసల్లో దగ్గరగా, కెమెరాకి మూడు మీటర్ల లోపల కూచోబెట్టాను. మొహాలు తేటగా, వెనక ఆకాశం నీలంగా. బావ "ఎండలో ఫ్లాష్ ఏంట్రా" అని నవ్వాడు, ఫొటో చూశాక ఇంకేం మాట్లాడలేదు. అందుకే అంటాను, జనం ఫ్లాష్‌ని సరిగ్గా తిరగేసి వాడుతున్నారు. రాత్రి అది మొహాల్ని పాడు చేస్తుంది, మిట్టమధ్యాహ్నం కళ్ల కింద నీడల్ని పోగొడుతుంది. పెళ్లిళ్లల్లో మూడు అడుగుల దూరం నుంచి పెళ్లికూతురి మొహం మీద సూటిగా కొట్టే కెమెరావాళ్లకి కూడా ఈ మాట ఎవరన్నా చెప్తే బావుణ్ను, ఆ పిల్ల జీలకర్రా బెల్లం పెట్టేదాకా కళ్లు చికిలించుకునే ఉంటుంది.

స్మైల్ షట్టర్ గురించి కింద ఎవరో అడిగారు. 2007లో సోనీ వాళ్లు తెచ్చారు, నవ్వితే దానంతట అదే తీస్తుంది. మా పెదనాన్న లాంటి మనిషి ముందు పెట్టి చూడండి, సెల్స్ అయిపోతాయి. ఆ తరంలో ఫొటోలో నవ్వడమంటే పరువు తక్కువ.

కళ్లు మూసుకోవడం ఇంకో గొడవ. దీనికి మాత్రం లెక్కుంది. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు ఎన్ని ఫొటోలు తీస్తే ఒక్కటన్నా అందరి కళ్లూ తెరిచి ఉంటుందో లెక్కగట్టి 2006లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) పట్టుకెళ్లారు. ఇరవై మంది లోపైతే, వెలుగు బాగుంటే మనుషుల సంఖ్యని మూడుతో భాగించండి, వెలుగు తక్కువైతే రెండుతో. పదిహేను మంది ఉంటే పగలు అయిదు ఫొటోలు. మీ కెమెరాలో కస్టమ్ టైమర్ ఉంటే ఒకసారి నొక్కితే వరసగా ఇన్ని తియ్యమని పెట్టుకోవచ్చు, ప్రతిసారీ పరిగెత్తక్కర్లేదు. ఫ్లాష్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటోకీ అది మళ్లీ చార్జ్ అయ్యేదాకా ఆగాలి, ఈలోపు పిల్లలు లేచిపోతారు, ఆపెయ్యమనడానికి ఇదో కారణం.

ఇంత తిప్పలెందుకు, ఫోన్లో సెల్ఫీ తీసుకోవచ్చు కదా అనేవాళ్లకి ఒకటే మాట. సెల్ఫీలో తీసేవాడి మొహం గుమ్మడికాయంత, అమ్మమ్మ మొహం వెనకాల మూలన గోరంత. పండగ ఎవరిదో అర్థం కాదు. పైగా వాట్సాప్‌లో పంపిస్తే ఆ గోరంత కూడా నలిగిపోతుంది.

మీ కెమెరా ఎన్నేళ్లదో రాయలేదు కాబట్టి ఇంకో రెండు సంగతులు. పెన్సిల్ సెల్స్ రకమైతే కిరాణా కొట్లో దొరికే గడియారం సెల్స్ వెయ్యకండి, రెండు ఫ్లాష్‌లకే పడుకుంటాయి, చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్‌వి తీసుకోండి. ఎస్డీ కార్డు కూడా చూసుకోండి, 4 జీబీ నుంచి 32 జీబీ దాకా ఉండే ఎస్డీహెచ్‌సీ రకం కార్డు 2006లో వచ్చింది, అంతకు ముందు కెమెరా అయితే 2 జీబీ మించని కార్డే కావాలి, కొత్తది పెడితే కార్డు ఎర్రర్ అని చూపిస్తుంది, కెమెరా పాడైందనుకుని పారెయ్యకండి. బీరువాలో ఏళ్ల తరబడి సెల్స్ లేకుండా పడుంటే లోపలి తేదీ కూడా పోతుంది. తేదీ సరిచెయ్యండి, లేదా ఫొటో మీద తేదీ ముద్రించే ఆప్షన్ ముందే తీసెయ్యండి. లేకపోతే అమ్మమ్మ గారి చీర కుచ్చిళ్ల మీద నారింజ రంగులో 2008 జనవరి 1 అని పడుద్ది, అది ఫొటోలో కలిసిపోతుంది, తర్వాత ఊడబెరకడం కుదరదు.