గేములో సొంత సంగీతం: ఎంపీ3నా, ఓజీజీనా, వేవ్‌నా?

ప్రశ్న: నేను స్వరపరచుకున్న ట్రాక్‌లను ఒక గేములో నేపథ్య సంగీతంగా పెట్టుకుంటున్నాను. ఎంపీ3గా పెడితే ట్రాక్ ముగిసి మళ్లీ మొదలయ్యే చోట చిన్న ఖాళీ వినిపిస్తోంది. బిట్‌రేట్ (సెకను శబ్దానికి వాడే డేటా) 320 కేబీపీఎస్‌కి, అంటే సెకనుకు 320 కిలోబిట్లకు, పెంచినా పోలేదు. వేవ్‌లో ఆ ఇబ్బంది లేదు గానీ ఫోల్డర్ సైజు విపరీతంగా పెరిగింది. ఏ ఫార్మాట్ వాడాలి?

జవాబు: మీ గేము ఓజీజీ వార్బిస్‌ను (ఓజీజీ ఫైల్లో వార్బిస్ పద్ధతిలో కుదించిన శబ్దాన్ని) తీసుకుంటే ఇంకేమీ ఆలోచించకుండా అదే వాడండి. కారణం మాత్రం తెలుసుకోవాలి, ఎందుకంటే దాన్ని పట్టించుకోకుండా కన్వర్ట్ చేస్తే ఆ ఖాళీ ఓజీజీలోకి కూడా వచ్చేస్తుంది.

ఖాళీకీ బిట్‌రేట్‌కూ సంబంధం లేదు. డిజిటల్ శబ్దమంటే సెకనుకు వేలసార్లు కొలిచి రాసిన అంకెలే, ఒక్కో కొలతను శాంపిల్ అంటారు. ఎంపీ3 శబ్దాన్ని 1152 శాంపిళ్ల ముక్కలుగా కోసి దాస్తుంది. మీ ట్రాక్ పొడవు సరిగ్గా ఆ ముక్కలకు సరిపోవడం చాలా అరుదు, కాబట్టి చివరి ముక్కలో మిగిలిన చోటును నిశ్శబ్దంతో నింపుతుంది. మొదట్లోనూ ఇదే కథ. ఎంపీ3లు తయారు చేయడానికి ఎక్కువ మంది వాడే లేమ్ ఎన్‌కోడర్ (శబ్దాన్ని కుదించే ప్రోగ్రామ్) 576 శాంపిళ్ల ఆలస్యం కలుపుతుంది, తిరిగి విప్పేటప్పుడు డీకోడర్ మరో 529 కలుపుతుంది. రెండూ కలిపి 1105. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన ఇది దాదాపు 25 మిల్లీసెకన్లు. నిమిషానికి 120 బీట్లు నడిచే ట్రాక్‌లో రెండు బీట్ల మధ్య దూరం 500 మిల్లీసెకన్లే. అంటే లూప్ తిరిగిన ప్రతిసారీ మొదట్లోనే బీటులో ఇరవయ్యో వంతు తాళం తప్పుతోంది, చివరి నిశ్శబ్దం దానికి అదనం. పాటగా ఒక్కసారి వింటే ఇది ఎవరికీ పట్టదు. గేములో అదే ట్రాక్ గంటసేపు తిరుగుతుంది, చెవి ఆ అతుకు కోసమే ఎదురుచూడటం మొదలుపెడుతుంది.

మరి మ్యూజిక్ ప్లేయర్‌లో ఇదే ఫైల్ ఖాళీ లేకుండా ఎందుకు తిరుగుతుంది? ఎంత నిశ్శబ్దం కలిపిందీ లేమ్ ఫైల్లోనే రాసి పెడుతుంది. మంచి ప్లేయర్లు ఆ లెక్క చదివి అంతమేరా కత్తిరించేస్తాయి. చాలా గేములు దాన్ని చదవవు. అందుకే ట్రాక్‌ను ప్లేయర్‌లో విని సరే అనుకోవద్దు, గేములోనే వినండి.

వార్బిస్ మాత్రం ట్రాక్ ఏ శాంపిల్ దగ్గర ముగుస్తుందో ఫైల్లోనే కచ్చితంగా నమోదు చేస్తుంది. డీకోడర్ సరిగ్గా అక్కడే ఆగి మొదటికి వెళుతుంది. ఇది జిఫ్ డాట్ ఆర్గ్ ఫౌండేషన్ తయారు చేసిన ఫార్మాట్, 1.0 వెర్షన్ 2002లో వచ్చింది. ఎంపీ3కి లైసెన్స్ రుసుము కట్టాల్సిన రోజుల్లో ఇది పూర్తిగా ఉచితం కావడంతో గేములు తయారు చేసేవాళ్లు దీన్ని అక్కున చేర్చుకున్నారు. ఎంపీ3 లైసెన్సింగ్ 2017లో ముగిసిపోయినా ఆ అలవాటు అలాగే నిలిచింది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ రిసోర్స్ ప్యాక్‌లలో (గేము శబ్దాలనూ బొమ్మలనూ మార్చే ఫైళ్ల కట్టల్లో) ఇప్పటికీ ఓజీజీ తప్ప మరొకటి పనిచేయదు.

గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఆర్‌పీజీ మేకర్‌లో ఇంకో సౌకర్యం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఓజీజీ ఫైలుకు లూప్‌స్టార్ట్, లూప్‌లెంత్ అని రెండు ట్యాగులు పెడితే, ఆరంభ భాగం ఒక్కసారే వినిపించి ఆ తర్వాతి భాగమే తిరుగుతుంది. ఉదాహరణకు మీ ట్రాక్ 44,100 హెర్ట్జ్‌లో (సెకనుకు 44,100 శాంపిళ్లు) ఉండి, ఆరంభం 8 సెకన్లు, తిరగాల్సిన భాగం 64 సెకన్లు అనుకుందాం. లూప్‌స్టార్ట్‌కు 352800, లూప్‌లెంత్‌కు 2822400 ఇవ్వాలి. ట్యాగుల పేర్లు ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. ఫైల్ 48,000 హెర్ట్జ్‌ది అయితే ఈ అంకెలు మారతాయి, మరచిపోకండి.

ఇక సైజు. సీడీ నాణ్యత స్టీరియో వేవ్ నిమిషానికి సుమారు 10.6 ఎంబీ. మూడేసి నిమిషాల ట్రాక్‌లు ఇరవై పెడితే 635 ఎంబీ అవుతుంది. అవే ట్రాక్‌లు వార్బిస్ క్వాలిటీ 6లో, అంటే దాదాపు 192 కేబీపీఎస్‌లో, 86 ఎంబీ దగ్గర సర్దుకుంటాయి. 6 దాటాక నా చెవికి తేడా దొరకలేదు. కాబట్టి నేను అక్కడే ఆగుతాను.

కన్వర్ట్ చేసేది మాత్రం మీ దగ్గరున్న ఎంపీ3ల నుంచి కాదు. ఖాళీ వాటిలో అప్పటికే చేరిపోయి ఉంది. పైగా ఒకసారి కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే నాణ్యత ఇంకా పోతుంది. అసలు ప్రాజెక్టు నుంచి వేవ్ తీసి, దాన్నే ఓజీజీ చేయండి. ఆ అసలు ప్రతులను ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో దాచుకోండి. నాణ్యత రవ్వంత కూడా పోకుండా చోటు చాలావరకు ఆదా అవుతుంది.

ఫార్మాట్ సరిపోయినా అతుకు తెలుస్తుంటే తప్పు మిక్స్‌లో ఉంటుంది. చివరి స్వరం ప్రతిధ్వని ఫైల్ ముగిసేచోట కత్తిరించినట్టు ఆగిపోతుంది. దీనికి నేను చేసే పని ఇది: లూప్‌ను వరసగా రెండుసార్లు రెండర్ చేసి (ఆడియో ఫైలుగా తీసి), రెండో ఆవృత్తిని మాత్రం కోసి తీసుకుంటాను. మొదటి ఆవృత్తి తాలూకు ప్రతిధ్వని దాని ఆరంభంలో అప్పటికే కలిసి ఉంటుంది కాబట్టి, ఎన్నిసార్లు తిరిగినా అతుకు కనిపించదు.

అడుగుల చప్పుడు, తలుపు శబ్దం వంటి చిన్న ముక్కలకు వేవే మేలు. విప్పే పని లేదు కాబట్టి వెంటనే పలుకుతాయి, సైజూ సమస్య కాదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 16 బిట్ పీసీఎం (కుదించని మామూలు వేవ్) ఎంచుకోండి. 32 బిట్ ఫ్లోట్‌లో ఇస్తే పాత గేములు చాలావరకు మౌనంగా ఉండిపోతాయి.

ప్రశ్న: ఫైల్ పేరు చివర ఓజీజీ అనే ఉంది, ప్లేయర్‌లో మోగుతోంది. గేములో మాత్రం శబ్దం లేదు. ఎందుకు?

జవాబు: పేరొకటి, లోపలి సరుకొకటి అయి ఉండవచ్చు. ఎక్స్‌టెన్షన్ మార్చినంత మాత్రాన ఫార్మాట్ మారదు. ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చిగీతల మధ్య మొదటి నాలుగు అక్షరాలు చూడండి. ఓ, జీ, జీ, ఎస్ అని ఉంటే నిజమైన ఓజీజీ. ఆర్ఐఎఫ్ఎఫ్ అని ఉంటే అది వేవ్. ఐడీ3 అని మొదలైతే చాలావరకు ఎంపీ3.

మొదటి నాలుగూ సరిగ్గానే ఉంటే ఇంకాస్త ముందుకు చదవండి. ఓజీజీ అనేది డబ్బా మాత్రమే. అందులో వార్బిస్ ఉండొచ్చు, 2012లో వచ్చిన ఓపస్ కూడా ఉండొచ్చు. ఓపస్ మంచి ఫార్మాటే, తక్కువ బిట్‌రేట్‌లో వార్బిస్‌ను మించుతుంది. కానీ వార్బిస్ కోసం రాసిన గేముకు అది అర్థం కాదు. వార్బిస్ అన్న మాట కనిపించకుండా ఓపస్‌హెడ్ అని కనిపిస్తే మళ్లీ కన్వర్ట్ చేయాల్సిందే.

కన్వర్ట్ చేయడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ముఖచిత్రం ఉన్న పాటను ఓజీజీ చేస్తే, ఆ బొమ్మను అది వీడియో ట్రాక్‌గా లోపల చేర్చేయవచ్చు. గేము దాన్ని చూసి తడబడుతుంది. కమాండ్‌లో మైనస్ వీఎన్ అని కలిపితే బొమ్మ రాదు, శబ్దమే వస్తుంది.

ప్రశ్న: మైన్‌క్రాఫ్ట్‌లో నేను పెట్టిన జలపాతం శబ్దం ఎంత దూరం వెళ్లినా తగ్గడం లేదు.

జవాబు: మీ ఫైల్ స్టీరియో అయి ఉంటుంది. ఆ గేము మోనో (ఒకే చానెల్) శబ్దాలకే దూరాన్నీ దిశనూ లెక్కిస్తుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ట్రాక్‌ను మోనోకు మిక్స్ చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. నేపథ్య సంగీతాన్ని మాత్రం స్టీరియోలోనే ఉంచండి.