రాయి కోసిన దుమ్ముతో జబ్బు చేస్తే పరిహారం వస్తుందా?

సందేహం: అన్నా, సిడ్నీలో చదువుకునేటప్పుడు కిచెన్ బెంచ్‌టాప్‌లు కోసే షాపులో పనిచేశాను. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. సిలికోసిస్ (రాతి దుమ్ము పీల్చితే వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) కావచ్చంటున్నారు. ఓనర్ షాపు ఎత్తేశాడు. నాచేత ఏబీఎన్ (సొంత వ్యాపారం చేసుకునేవాళ్లు తీసుకునే నంబర్) తీయించి పని చేయించుకున్నాడు. క్లెయిమ్ వేస్తే వీసాకు ఇబ్బందా?

జవాబు: తమ్ముడూ, షాపు మూతపడిందని ఆగిపోకు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో దుమ్ము జబ్బులకు 1942 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. దాని కింద డబ్బు ఇచ్చేది ఐకేర్ అనే ప్రభుత్వ సంస్థ, నీ ఓనర్ కాదు. తప్పు ఎవరిదో నువ్వు రుజువు చేయనక్కర్లేదు. దరఖాస్తుకు గడువు కూడా లేదు. ఈ రాష్ట్రంలో వర్కర్‌గా పనిచేస్తూ ఆ దుమ్ము పీల్చడం వల్లే జబ్బు వచ్చిందని తేలాలి, అంతే.

ఆ 'వర్కర్' దగ్గరే నీకు చిక్కు. సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకు ఈ పథకం వర్తించదు. మన పిల్లల చేత ఏబీఎన్ తీయించేది చాలాసార్లు ఇందుకే, ఓనర్ బాధ్యత తప్పించుకోవడానికి. అయితే కాగితం మీద కాంట్రాక్టర్ అని రాసినంత మాత్రాన కాంట్రాక్టర్ అయిపోరు. ఎన్ని గంటలకు రావాలో ఆయనే చెప్పి, కటింగ్ మెషిన్ ఆయనదే అయి, ఇంకెక్కడా పనిచేయకుండా ఉంటే నువ్వు ఉద్యోగివేనని వాదించడానికి మంచి ఆధారం ఉన్నట్టే.

కాబట్టి ఇవాళే ఫోన్ తియ్యి. 'రేపు ఆరింటికల్లా రా' అని ఓనర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకులో పడిన డబ్బులు, ఓపల్ కార్డు (బస్సు, రైలు కార్డు) ప్రయాణాల వివరాలు, నీళ్లు పెట్టకుండా పొడిగా కోస్తుంటే సరదాగా తీసుకున్న ఫోటోలు, అన్నీ ఒకచోట దాచు. జుట్టు నిండా తెల్లటి పొడితో దిగిన సెల్ఫీ ఉందా? దానంత సాక్ష్యం ఇంకోటి లేదు. పక్కన పనిచేసినవాళ్ల నంబర్లు కూడా రాసిపెట్టుకో, వాళ్లూ దేశం మారిపోతుంటారు.

డాక్టర్ దగ్గర 'దగ్గు, ఆయాసం' అని ఊరుకుంటే ఆస్తమా అనుకుంటారు, ఇండియా నుంచి వచ్చాం కాబట్టి టీబీ అనుకున్నా ఆశ్చర్యం లేదు. ఇంజనీర్డ్ స్టోన్ (రాతిపొడిని రెసిన్‌తో కలిపి చేసే కృత్రిమ రాయి) కోశానని నోరు తెరిచి చెప్పు. ఆ రాయిలో ఈ జబ్బు తెచ్చే సిలికా అనే ఖనిజం 90 శాతం పైన కూడా ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలో తొలిదశ మచ్చలు కనిపించకపోవచ్చు, సీటీ స్కాన్ గురించి అడుగు. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయిని నిషేధించింది, ప్రపంచంలో ముందుగా చేసిన దేశం ఇదే. దానివల్ల పాత క్లెయిములకు నష్టమేమీ లేదు.

వీసా టెన్షన్ సంగతి. పరిహారం అడగడం వీసా రద్దుకు కారణం కాదు. స్టూడెంట్ వీసాలో ఉన్న పని గంటల పరిమితి దాటి పనిచేసి ఉంటే మాత్రం ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడు, ఫేస్‌బుక్ గ్రూపులో అడగొద్దు.

ఐకేర్ సొమ్ము కాక, ఓనర్ మీదో రాయి తయారుచేసిన కంపెనీ మీదో నష్టపరిహారం కేసు వేయాలంటే దానికి డస్ట్ డిసీజెస్ ట్రిబ్యునల్ ఉంది. లాయర్లు చాలామంది 'నో విన్, నో ఫీ' (గెలవకపోతే ఫీజు లేదు) అంటారు. ఓడితే అవతలివాళ్ల ఖర్చులు ఎవరు భరించాలో సంతకం పెట్టేముందే అడుగు. మెల్‌బోర్న్‌లో పనిచేసినవాళ్లకు ఈ పద్ధతి కాదు, అది విక్టోరియా రాష్ట్రం, అక్కడ వర్క్‌సేఫ్ విక్టోరియా నిబంధనలు వేరు.