వాగు పక్కన పడుకునే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

లద్దాఖ్‌లో మార్ఖా లోయకు వెళ్తున్నావని, వాగు పక్కన టెంట్ వేసుకుని నాలుగు రాత్రులు ఉంటారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తనకు టెన్షన్‌గా ఉంది. నాకు మాత్రం సంతోషమే. ఆ చలి ఎడారిలో రెండుసార్లు అలా ఉండి వచ్చాను కాబట్టి రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు, ఎక్కడ పడుకుంటావో చూసుకో.

మొదటిసారి మేం మధ్యాహ్నం దిగాం. వాగులో నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. పక్కనే మెత్తటి ఇసుక, మబ్బు తునక లేని ఆకాశం. టెంట్ అక్కడే వేశాం. పొద్దుగూకేసరికి నీళ్లు మోకాలు దాటాయి. గిన్నెలు, ఒక జత బూట్లు కొట్టుకుపోయాయి. చీకట్లో టెంట్ పీకి పైకి మోసుకెళ్లాం. పగటి ఎండకు పైన మంచు కరిగి, ఆ నీళ్లు కిందికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. అందుకే అక్కడ వాగు దాటాలంటే పొద్దున్నే దాటాలి.

వాన పడితే ఇంకా ప్రమాదం. నువ్వు దిగే లేహ్ పట్టణంలో ఏడాది మొత్తానికి పడేది దాదాపు 100 మిల్లీమీటర్లే. తుపాను వస్తే మనకు ఒక్క రోజులో అంత పడుతుంది. కానీ అక్కడివి చెట్టూ చేమా లేని కొండలు, పడ్డ వాన ఇంకదు. రాళ్లనూ బురదనూ ఈడ్చుకుంటూ దిగుతుంది. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి అలాగే వరద వచ్చి లేహ్ చుట్టుపక్కల 200 మందికి పైగా పోయారు. ఇది నీకు వేరే చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌లో మీ మెట్లెక్కిన బుడమేరు వాగు నీళ్లలో మైలవరం కొండల మీద పడ్డ వాన కూడా ఉంది కదా. నీ నెత్తిన చినుకు పడకపోయినా వాగు రావచ్చు.

కాబట్టి దిగగానే సంచులు కింద పెట్టి ఒడ్డు వెంట నడువు. పొదల కొమ్మలకు గడ్డి, పుల్లలు చిక్కుకుని ఉంటాయి, బండల మీద బురద గీత కనిపిస్తుంది. పాత వరద అంత ఎత్తున పారిందన్నమాట. దానికి బాగా పైన మెరక మీద, కొండ నుంచి రాళ్లు దొర్లని చోట టెంట్ వెయ్యి. నీళ్ల కోసం 60 మీటర్లు నడిస్తే ఏమీ కాదు. పైగా రాత్రి చలిగాలి పల్లంలోకి దిగి నిలుస్తుంది, మెరక మీద కాస్త వెచ్చగా ఉంటుంది. గులకరాళ్ల నేలలో మేకులు ఆగవు, తాళ్లను పెద్ద రాళ్లకు కట్టు. రాత్రి వాగు చప్పుడు మారినా, నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా సామాను వదిలేసి పైకి ఎక్కెయ్యండి.

లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. విమానం దిగాక కనీసం రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకు. తలనొప్పి, వాంతులు వస్తే ఇంకా పైకి వెళ్లకు. నడక తూలితే అదే గంటలో కిందికి దిగు. స్నేహితుల ముందు చిన్నతనమని దాచుకోవద్దు నాయనా.

ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో అన్నం పలుకు పోదు, కందిపప్పు అసలు ఉడకదు. రెండు లీటర్ల కుక్కర్, పెసరపప్పు, అటుకులు పట్టుకెళ్లు. గోంగూర పచ్చడి మీ అత్తయ్య కడుతుంది. తాగే నీళ్లు మూడు నిమిషాలు తెర్లనివ్వు, పైన పశువులు మేస్తుంటాయి. గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కించరు, లేహ్‌లో కొనుక్కో. విల్లో చెట్ల కొమ్మలు మాత్రం నరకొద్దు, అవి ఊరివాళ్లు నాటి పెంచుకున్నవి. సబ్బు కూడా వాగులో కలపకు. కింద బార్లీ చేలకూ వాళ్ల కుండలకూ అవే నీళ్లు.

వచ్చే ఆదివారం టెంట్ తీసుకుని గుంటూరు రా. మా మేడ మీద లైటు ఆర్పేసి, చీకట్లో ఎంతసేపట్లో పీకగలవో చూద్దాం.

మీ మామయ్య