లెక్క గట్టిగా పెట్టండి

ఈసారి పార్కిన్సన్స్ జబ్బు, వ్యాయామం గురించి వచ్చిన ఉత్తరాలన్నీ సంపాదకులు నాకు పంపారు. నేను డాక్టర్ని కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రిల్ టీచర్‌గా పనిచేశాను. మావారు బ్యాంకు క్యాషియర్. ఆయనకి ఈ జబ్బు అని 2013లో తేలింది. అంతకు ఏడాది ముందు నుంచే ఆయన సంతకం చిన్నదైపోతూ వచ్చింది. నోట్ల కట్ట లెక్కపెట్టేటప్పుడు కుడి బొటనవేలు వెనకబడేది. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాం. 2016 నుంచి గుంటూరు బ్రాడీపేటలో ఒక కల్యాణ మండపం కింది హాల్లో, వారానికి మూడు రోజులు, ఈ జబ్బున్నవాళ్ళచేత ఉచితంగా వ్యాయామం చేయిస్తున్నాం. ఆ హాల్లో చూసింది, నేర్చుకున్నది చెబుతాను. మందుల మోతాదు మాత్రం మీ న్యూరాలజిస్ట్‌నే అడగండి.

ప్రశ్న: అమ్మకి 68 ఏళ్ళు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు బాక్సింగ్ వీడియోలు పంపి ‘అమ్మచేత ఇవి చేయించు’ అంటున్నాడు. ఈ వయసులో అమ్మకి బాక్సింగ్ ఏమిటండీ?
– అరండల్‌పేట, గుంటూరు

అమ్మని ఎవరూ కొట్టరు, ఆ భయం పెట్టుకోకండి. అమెరికాలో స్కాట్ న్యూమన్ అనే లాయరుకి నలభై ఏళ్ళ వయసులోనే పార్కిన్సన్స్ వచ్చింది. బాక్సింగ్ సాధన చేస్తే ఒంట్లో తేడా తెలిసింది. 2006లో ఇండియానాపొలిస్‌లో ‘రాక్ స్టెడీ బాక్సింగ్’ అని లాభాపేక్ష లేని సంస్థ మొదలుపెట్టారు. అక్కడ మనుషులు ఒకరినొకరు కొట్టుకోరు. వేలాడే సంచిని గుద్దుతారు, అడుగులు మారుస్తారు, నడుము తిప్పుతారు, గట్టిగా అరుస్తారు.

ఇది ఎందుకు పనికొస్తుందంటే, ఈ జబ్బు కదలికని కుదించేస్తుంది. మెదడులో డోపమిన్ అనే, కదలికని నడిపే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. చెయ్యి పూర్తిగా చాపాననే మనిషి అనుకుంటాడు, తీరా చూస్తే సగమే చాపి ఉంటాడు. అందుకే మా హాల్లో ఎక్కువసార్లు వినపడే మాట ‘ఇంకా పెద్దగా’. మా దగ్గర బాక్సింగ్ సంచి లేదు. పాత బొంతని చుట్టచుట్టి స్తంభానికి తాడుతో కట్టాం. డెబ్బై దాటిన ఆడవాళ్ళు కూడా దాన్ని గుద్దుతారు, గుద్దాక వాళ్ళ ముఖాల్లో కనిపించే వెలుగు మీరు చూడాలి.

అమ్మకి బీపీ, గుండె, ఎముకల బలం డాక్టర్ చేత చూపించి, మొదట కుర్చీలో కూర్చోబెట్టి మొదలుపెట్టండి. ఇంకొక మాట. పార్కులో కబుర్లు చెప్పుకుంటూ నాలుగు అడుగులు వేస్తే చాలనుకోకండి. 2018లో స్పార్క్స్ అనే అధ్యయనం వెలువడింది. జబ్బు మొదటి దశలో ఉండి ఇంకా మందులు మొదలుపెట్టని కొందరు ట్రెడ్‌మిల్ మీద వారానికి సుమారు మూడుసార్లు, గుండె బాగా వేగంగా కొట్టుకునేలా నడిచారు. ఆరు నెలలయ్యాక చూస్తే, అలా నడవనివాళ్ళకన్నా వీళ్ళలో జబ్బు లక్షణాలు తక్కువగా ముదిరాయి. ఆయాసం రావాలి, కానీ డాక్టర్ సరేనన్న మేరకే.

ప్రశ్న: నాన్నగారు హాల్లో బాగానే నడుస్తారు. బాత్రూం గడప దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. చెయ్యి పట్టుకుని లాగితే ముందుకి తూలిపోతున్నారు.
– సత్యనారాయణపురం, విజయవాడ

ముందు ఆ లాగడం మానేయండి. పైభాగం ముందుకొస్తుంది, పాదాలు అక్కడే ఉంటాయి, మనిషి పడిపోతాడు. ‘రండి, రండి’ అని తొందరపెట్టినా అంతే, టెన్షన్‌తో కాళ్ళు ఇంకా బిగుసుకుంటాయి.

దీన్ని ఫ్రీజింగ్ అంటారు. గుమ్మాలు, ఇరుకు దారులు, మలుపులు, లిఫ్ట్ తలుపులు, ఇలాంటి చోట్లే ఎక్కువగా వస్తుంది. మనం ఆలోచించకుండా వేసే అడుగు వాళ్ళకి అక్కడ ఆగిపోతుంది. అయితే కంటికి ఒక గీత కనిపించినా, చెవికి ఒక తాళం వినిపించినా మెదడు ఇంకో దారిలో ఆ అడుగు వేయించగలదు. మేము మొదట్లో ముగ్గుపిండితో గీతలు గీశాం. పిండి రాలి కాలికింద జారుతోందని మానేసి, ఇప్పుడు రంగు టేపు అంటిస్తున్నాం. మీరు కూడా గడపకి ఇటు మూడు, అటు రెండు పట్టీలు, అడుగుకి అడుగు ఎడం ఉండేలా, నేల రంగులో కలిసిపోని రంగువి అంటించండి. నాన్నగారు ఆగిపోతే ఆగిపోనివ్వండి. నిటారుగా నిలబడి, ఒంటి బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి రెండుసార్లు మార్చి, తనే ‘ఒకటీ, రెండూ, మూడూ’ అని పైకి అని, గీత దాటేలా పెద్ద అడుగు వెయ్యమనండి. మీరు పక్కన ఉండండి, ఎదురుగా నిలబడకండి.

మలుపు కూడా చూసుకోండి. ఉన్నచోటే గిరుక్కున తిరిగితే కాళ్ళు మెలికపడతాయి. ఎద్దులబండి మలుపు తిరిగినట్టు వెడల్పుగా చుట్టి రావాలి.

మా దగ్గరికి చేబ్రోలు వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చేవారు. వయసులో ఉండగా శ్రీరామనవమి పందిళ్ళలో కోలాటం ఆడారట. హాలు గుమ్మం దగ్గరే పది నిమిషాలు నిలబడిపోయేవారు. ఒకరోజు ఆవిడ చేతికి కోలాటం కర్రలిచ్చి, మేము చప్పట్లతో తాళం వేశాం. ఒడిలో పెట్టుకున్నప్పుడు వణికే చేతులు కర్రలు పట్టుకున్నాక చాలావరకు నిలకడయ్యాయి. తాళంతోపాటు కాళ్ళూ కదిలాయి. హాలంతా ఒక చుట్టు తిరిగి వచ్చారు. ఆవిడ కోడలు గోడ పట్టుకుని ఏడ్చేసింది. ఆ రోజు నుంచి మా హాల్లో ఇరవై జతల కర్రలు ఉంటాయి.

ప్రశ్న: మాత్ర వేసుకునే వ్యాయామానికి వెళ్తున్నా బిగుసుకుపోతున్నాను. దూలగొండి గింజల పొడి కూడా వాడమని తెలిసినవాళ్ళు చెబుతున్నారు.
– బాపట్ల

ఈ జబ్బుకి ఇచ్చే లెవోడోపా మాత్ర మెదడులో డోపమిన్‌గా మారుతుంది. దాన్ని పప్పు, గుడ్లు, పాలతోపాటు వేసుకుంటే ఆ మాంసకృత్తులు మందుకి అడ్డుపడతాయి. సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. మీకు ఏది సరిపోతుందో డాక్టర్ని అడగండి. మేము క్లాసు టైము మాత్ర వేసుకున్న గంటకి ఉండేలా చూస్తాం.

దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. సొంతంగా కలపవద్దనేది అందుకే. మోతాదు పెరిగిపోతే బీపీ పడిపోవచ్చు, ఒళ్ళు దానంతటది మెలికలు తిరగవచ్చు, లేనివి కనిపించవచ్చు. అలాగని ఎవరో చెప్పారని మాత్ర హఠాత్తుగా మానడం కూడా ప్రమాదం.

ప్రశ్న: మంగళగిరిలో మా కాలనీలో ఈ జబ్బుతో నలుగురు ఉన్నారు. మీలాగే సంఘం పెట్టాలని ఉంది. రిజిస్ట్రేషన్, డబ్బు, ట్రైనర్ – ఎక్కడ మొదలుపెట్టాలి?
– మంగళగిరి

కుర్చీలతో మొదలుపెట్టండి. నిజంగానే చెబుతున్నాను. మొదటి వారం నేను టెంట్‌హౌస్ ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి నున్నటి నేల మీద వేశాను. ఒకాయన లేస్తూ చేతుల మీద బరువు వేసేసరికి కుర్చీ వెనక్కి జారింది, ఆయన కింద పడ్డారు. మణికట్టు విరిగింది. ఆ తప్పు నాది. ఇప్పుడు బరువైన ఇనుప కుర్చీలు, చేతులున్నవి, గోడకి ఆనించి వేస్తాం. ప్రతి ఇద్దరికీ పక్కన ఒక సహాయకుడు ఉండాలి. ఒక ఫిజియోథెరపిస్ట్ వచ్చి ప్రతి మనిషినీ ముందు పరీక్షించాలి, ఎవరు ఏది చేయకూడదో ఆమే రాసివ్వాలి. ఒక నోట్ పుస్తకం పెట్టండి. అందులో పేరు, మాత్రల వేళలు, మిగతా జబ్బులు, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు, ఆ నెలలో ఎన్నిసార్లు పడ్డారు అన్నవి ఉండాలి. ఆ చివరి గడి ఎవరూ ఖాళీగా వదలకుండా చూడండి, సిగ్గుపడి దాచేస్తారు.

రిజిస్ట్రేషన్‌కి తొందర లేదు. ఆరు నెలలు ఆగకుండా నడిపాక వెళ్ళండి. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. దాతలు ఆదాయపన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడగడం మొదలయ్యాక ఆ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముంబైలో పీడీఎండీఎస్ (పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ) అనే సంస్థ 2001 నుంచి పనిచేస్తోంది, చాలా ఊళ్ళలో ఉచితంగా సహాయక బృందాలు నడుపుతోంది. వాళ్ళ పద్ధతి తెలుసుకోండి. పార్కిన్సన్స్‌ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చేర్చారు, కాబట్టి మీ సభ్యులకి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పండి.

మా ఖర్చు పెద్దగా లేదు. మండపంవాళ్ళు పొద్దున పూట హాలు ఊరికే ఇస్తారు. ముహూర్తాలున్న రోజుల్లో ఖాళీ చేయాలి. మాఘమాసం, శ్రావణమాసం వచ్చాయంటే పక్క వీధి స్కూలు వరండాకి మారతాం. మే నెలలో ఆరుంబావుకే మొదలుపెట్టి, ఎండ ఎక్కకముందే ఇళ్ళకి పంపేస్తాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. మొదటి రెండేళ్ళు ఆ హాలుని నేను స్కూలు గ్రౌండులా నడిపాను. సావధాన్, విశ్రామ్, విజిల్, లెక్క, అన్నీ నావే. తర్వాత నాకు డెంగ్యూ వచ్చి మూడు వారాలు మంచాన పడ్డాను. మూడు వారాలూ క్లాసు జరగలేదు. కష్టపడి సంపాదించుకున్న నడక కొందరికి ఆ మూడు వారాల్లోనే మందగించింది. మంచం మీద పడుకుని ఆలోచిస్తే తెలిసింది, వాళ్ళ చేతికి నేను ఏ పనీ ఇవ్వలేదని. ఇప్పుడు లెక్క నేను పెట్టను. ఒక్కొక్క వ్యాయామానికి ఒక్కొక్కరు నిలబడి ఒకటి నుంచి ఇరవై దాకా గట్టిగా లెక్కపెడతారు, మిగతా అందరూ అందుకుంటారు. ఈ జబ్బు గొంతుని కూడా తగ్గిస్తుంది కదా, అలా గొంతుకీ సాధన అవుతుంది. కోశాధికారి పార్కిన్సన్స్ ఉన్న మనిషే. తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంటాయి. మీరు ఒక్కరే మోయకండి. మీరు లేని సోమవారం కూడా ఆ తలుపు తెరుచుకోవాలి.

ప్రశ్న: నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు. చేతులు వణుకుతుంటే నలుగురూ చూస్తారని పెళ్ళిళ్ళకి మానేశారు. మీ క్లాసుకి రమ్మంటే ‘ఆ రోగుల మధ్య నేనెందుకు’ అంటున్నారు.
– కొత్తపేట, గుంటూరు

మావారు కూడా రెండేళ్ళు గడప దాటలేదమ్మా. ఒక పెళ్ళిలో పాయసం గ్లాసు ఆయన చేతిలో ఒలికింది. వెనక ఎవరో ‘పొద్దున్నే తాగొచ్చినట్టున్నాడు’ అన్నారు. ఆ మాట ఆయన విన్నారు. ముఖంలో కదలిక తగ్గడంతో ఎప్పుడూ కోపంగా ఉన్నట్టు కనిపించేవారు. దాంతో చుట్టాలు పలకరించడం కూడా తగ్గించేశారు.

వ్యాయామానికి రమ్మని నేను ఎన్నిసార్లు అడిగినా రాలేదు. డెంగ్యూ తగ్గాక ఒకరోజు ‘లెక్క పెట్టడానికి మనిషి లేడు, మీరు వస్తారా’ అన్నాను. జీవితమంతా లెక్కపెట్టిన మనిషి కదా. వచ్చి మూల కుర్చీలో కూర్చున్నారు. గొంతు రెండో వరుస దాకా కూడా వినపడలేదు. వెనక నుంచి ఎవరో ‘సార్, వినపడట్లేదు’ అన్నారు. ఆయన లేచి నిలబడి మళ్ళీ ‘ఒకటీ’ అన్నారు. ఇప్పుడు ఆయన గొంతు బయట రోడ్డు దాకా వినిపిస్తుంది.

మా నడక వరుసలో పదిహేను మంది ఉంటారు. గీత దగ్గర ఆగమని, మళ్ళీ కదలమని చెప్పే మనిషి మాకు లేడు. ‘హోల్డాన్’, ‘రైట్ రైట్’ అనడం మీ నాన్నగారికన్నా బాగా ఎవరికి వస్తుంది? మా క్లాసుకి కండక్టర్ కావాలట అని ఆయనకి చెప్పండి. సోమవారం ఆరున్నరకి, మాత్ర వేసుకున్న గంటకి, తీసుకురండి. ముందు వైపు మెట్లున్నాయి, పక్క గేటులోంచి రండి. నేను అక్కడే నిలబడి ఉంటాను.